ముసలోళ్ల బడికి పోయిన ఈదమ్మ

చేపల ఈదమ్మ తన మామ గండయ్యను మెట్ల మీంచి తోసేసిందని శామీర్‌పేట బస్టాండు దగ్గర చెప్పుకుంటారు. అది పచ్చి అబద్ధం. ఆయన పడినప్పుడు ఆమె నాలుగు బారల దూరంలో ఉంది. చేతిలో టీ గ్లాసుల పళ్లెం ఉంది. చూసినవాళ్లు ముప్పై మంది ఉన్నారు. ఆ ముప్పై మందిలో కొందరే ఇవాళ తోసిందంటున్నారు, చూడండి మరి. ఆ మాట మేడ్చల్ చేరేసరికి దానికి ఇంకో తోక మొలిచింది. కోడలు ఎప్పటిదో పగ మనసులో పెట్టుకుని, ముసలాయనకు కల్లు బంద్ పెట్టించి చంపిందట!

పగా లేదు, పాడూ లేదు. కల్లు మాన్పించిన మాట ఒక్కటే నిజం. ఎందుకు మాన్పించిందో అడిగినవాళ్లు లేరు. అడిగితే చెప్పడానికి ఈదమ్మ నోరు తెరవదు. కాబట్టి మొదటి నుంచీ చెప్పుకోవాలి.

ఈదమ్మది పెద్ద గొంతు, చురుకైన చెయ్యి. రాజీవ్ రహదారి పక్కన గంప దించుకుని కూర్చుంటే, కారులో పోయేవాళ్లు ఆమె కేక విని బండి ఆపేవారు. కత్తిపీట మీద రవ్వ చేపను ఇటు పెట్టి అటు తిప్పేలోపు పొలుసు రాలిపోయేది. మొగుడు పచ్చకామెర్లతో పోయినప్పుడు కొడుకు కుమార్ ఏడో తరగతి. తల్లిగారింటికి రమ్మని అన్నదమ్ములు వచ్చి కూర్చుంటే, ‘నేను పోతే గీ ఇద్దరికి బువ్వ ఎవరొండుతరు?’ అని అత్తమామల్ని చూపించి పంపేసింది. గండయ్య చెరువులో వల వేస్తే ఆమె రోడ్డు మీద అమ్మేది. అలా ఆ ఇల్లు నడిచింది.

2009 వానాకాలంలో అత్త శివమ్మకు పక్షవాతం వచ్చింది. కుడివైపు మొత్తం పడిపోయింది. ఈదమ్మ ఆమెకు నులక మంచం మీద రెండు బొంతలు మెత్తగా పరిచి, వెల్లకిలా పడుకోబెట్టి, కదపకుండా చూసుకుంది. కదిపితే నొప్పి పుడుతుందని భయం. ఎవరైనా చుట్టాలొచ్చి లేపి కూర్చోబెట్టబోతే, “ముట్టకుండ్రి, మా అత్త పానం సుఖంగున్నది” అని కసిరేది. నడుము కింద ఎర్రగా కమిలితే వేడి చేసిందనుకుని పసుపు పూసింది. వాసన వస్తే సాంబ్రాణి వేసింది. నాలుగు నెలలకు శివమ్మ పోయింది. ఒంటికి నీళ్లు పోసేటప్పుడు పక్కకు తిప్పితే నడుము దగ్గర పిడికిలి పట్టేంత గుంట. లోపల తెల్లగా ఎముక.

ఈదమ్మ చేతిలో చెంబు అలాగే ఉండిపోయింది. ఏడవలేదు. అరుగు మీద కూర్చున్న గండయ్య దగ్గరికి తడి చీరతోనే వెళ్లింది.

“మామా, నిన్ను మంచాన పడనియ్య. నువ్వు నడుసుకుంటనే పోవాలె.”

“నడుసుకుంట ఏడికి వోవాల్నే బిడ్డా, కాటికేనా?” అన్నాడాయన.

చావింట్లో కూడా నలుగురు మూతికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. గండయ్య అలాంటివాడే. భార్య శవం లోపల ఉన్నా ఆయన నోటి నుంచి మాట సూటిగా రాదు. కానీ ఈదమ్మ నవ్వలేదు. ఆ రోజు నుంచి ఆమెకు లోకంలో ఒక్కటే పని, మామ కాళ్ల మీద నిలబడి ఉండాలి.

రెండేళ్లకు, 2011లో, ఊళ్లోకి ముసలోళ్ల బడి వచ్చింది. పట్నం సంస్థ ఒకటి పెట్టింది. బోర్డు మీద ‘పెద్దల ఆరోగ్యం, కుటుంబ బాధ్యత’ అని ఉండేది గానీ ఆ పేరు పలికినవాళ్లు లేరు. ప్రతి గురువారం మూడింటికి మహిళా సంఘం భవనంలో. మేడ్చల్ నుంచి రోజారాణి అనే అమ్మాయి స్కూటీ మీద వచ్చేది. నర్సు పని నేర్చుకున్న పిల్ల, ఇరవై ఆరేళ్లుంటాయేమో. వెంట పన్నెండు పెద్ద బొమ్మల కాగితాలు, గోనెసంచిలో పీచు కుక్కి చేసిన నిలువెత్తు మనిషి బొమ్మ. మంచాన ఉన్నవాళ్లను ఎలా పొర్లించాలో, ఎలా ఎత్తి కూర్చోబెట్టాలో ఆ బొమ్మ మీద నేర్పేది.

మొదటి వారం వచ్చినవాళ్లు ఎనిమిది మంది ఆడవాళ్లు. ఈదమ్మను లాక్కొచ్చింది పక్కింటి షహజాది బేగం. ఆమె మొగుడు ఇబ్రహీం ఆటోలకు సీట్లు కుడతాడు. ఇంట్లో అత్త జైనబ్‌కు ఎనభై దాటాయి, చూపు సగం పోయింది. అందుకని ఆమెకు ఈ చదువు కావాలి.

“మేడం, గీయన పేరేంది?” అంది షహజాది బేగం బొమ్మను చూసి.

“పేరేం లేదమ్మా, ఉత్త బొమ్మ.”

“తౌబా! పేరు లేకుంట నడుం మీద చెయ్యెట్ల ఏస్తం? పరాయి మొగోణ్ణి పట్టుకున్నట్టుంటది. జర పేరు పెట్టండి.”

అందరూ ఆలోచించి అంజయ్య అని పెట్టారు. ఊళ్లో ఉన్న ఇద్దరు అంజయ్యలు వారం రోజులు అలిగి సంఘం భవనం ముందు నుంచి నడవలేదు. షహజాది బేగం మాత్రం గోనె తలకు తువ్వాలు చుట్టి, “ఆవో తాతా” అని గౌరవంగా పొర్లించేది.

ఈదమ్మ వంతు వచ్చింది. మోకాలు మడవాలి, ఒక చెయ్యి భుజం మీద, ఒక చెయ్యి తుంటి మీద, మన వైపుకు మెల్లగా తిప్పుకోవాలి. వీపు వెనక దిండు. ఒక్కసారి చూసి చేసేసింది.

“మేడం, గిట్ల రెండు గంటలకోసారి పొర్లిస్తే పుండు వడదా?”

“పడదక్కా.”

“పడనే పడదా?”

“చాలామట్టుకు పడదు.”

ఈదమ్మ బొమ్మ పక్కనే చాప మీద చతికిలబడింది. “గింతేనా,” అంది. “గింత సులువా. పైసా గూడ గాదు.” షహజాది బేగం ఇంటి దాకా ఆమె చెయ్యి పట్టుకునే నడిచింది.

ఆ తర్వాత ఈదమ్మను పట్టుకోవడం ఎవరి వల్లా కాలేదు. గంప ఖాళీ కాగానే, చేతుల నీచు వాసన కూడా పోకముందే, ముసలివాళ్లున్న ఇళ్లన్నీ తిరిగేది. తడి బండల మీద గోనెపట్టా వేయించింది. మంచం మీంచి ఒక్కసారిగా లేవొద్దని, ముందు కూర్చుని పది లెక్కపెట్టి అప్పుడు లేవాలని ఇంటింటికీ చెప్పింది. మూత్రానికి లేవలేమని నీళ్లు తాగడం మానేసే అవ్వల్ని తిట్టి తాగించింది. ఈదమ్మ వస్తాందంటే చాలు, ముసలివాళ్లు ముందే చెంబెడు నీళ్లు తాగి మూతి తుడుచుకుని కూర్చునేవారు.

ఇంట్లో మామ మీద మరీ జులుం. పొద్దున్నే గోడ పట్టుకుని మడమలు ఎత్తి దించాలి, ఇరవై సార్లు. గండయ్య చేసేవాడు, చేస్తూ గోడ అవతల షహజాది బేగంకు మొర పెట్టుకునేవాడు. “సూడమ్మా బేగం, డెబ్బై నాలుగేండ్లకు నన్ను పోలీసుల భర్తీ జేస్తాంది.”

“మంచిగ చెయ్యి తాతా, ఎస్సై అయితవ్!” అనేదామె.

అంతా బాగానే ఉంది, ఒక్క కల్లు తప్ప. గండయ్యకు పొద్దున ఒక సీసా, సాయంత్రం రెండు. ముప్పై ఏళ్లుగా ఒక్క రోజు తప్పలేదు. దుకాణంలో పోసేది చెట్టు మీంచి దిగిన కల్లు కాదని, మత్తు రావడానికి ఏదో పొడి కలుపుతారని ఊళ్లో అందరికీ తెలుసు. తెలిసినా ఎవరూ మాట్లాడరు. 2012 ఎండాకాలంలో ఆయన దుకాణం నుంచి వస్తూ కల్వర్టు దగ్గర రెండుసార్లు పడ్డాడు. మోచేతులు గీసుకుపోయాయి, అంతే. కానీ ఈదమ్మకు నిద్ర పట్టలేదు. పన్నెండు కాగితాల్లో ఎనిమిదోది ఆమె కళ్ల ముందు ఆడింది. ముసలితనంలో పడితే తుంటి విరుగుతుంది, తుంటి విరిగితే మంచమే. పడకుండా ఉండాలంటే ఏం చేయాలో నాలుగు బొమ్మలు. నాలుగో బొమ్మ కల్లు కుండ, దాని మీద ఎర్ర గీతలు రెండు.

మృగశిర కార్తె చేపల గిరాకీ అయిపోయిన గురువారం ఈదమ్మ బడిలో లేచి నిలబడింది.

“మేడం, కల్లు జరజర తగ్గియ్యాల్నా, ఒక్కపారే బంద్ వెట్టాల్నా?”

అడిగింది చూడండి, ఆ మాట అడిగింది. ఊరివాళ్లు ఇది చెప్పుకోరు.

రోజారాణి కాగితం వైపు తిరిగింది. కుండ కింద చిన్న అక్షరాలు ఉన్నాయి. రెండుసార్లు చదివింది. “పూర్తిగా మానాలి అని రాసుందక్కా.”

“అంటె ఒక్కపారే.”

“అంతే కదా మరి.”

ఆ పిల్ల తెలిసి తప్పు చెప్పలేదు. ఆ కాగితం గీసినవాళ్లు ఎక్కడో పట్నంలో కూర్చుని గీశారు. శామీర్‌పేట సీసాలో ఏముంటుందో వాళ్లకేం తెలుసు!

రెండు రోజులు ఆ మాట ఎలా ఎత్తాలా అని చూసి, ఆదివారం సాయంత్రం గండయ్య అరుగు మీద కూర్చుని వల బాగు చేసుకుంటుంటే ఈదమ్మ కంచంలో జొన్నరొట్టె, చేపల పులుసు పెట్టి ముందు కూర్చుంది.

“మామా, నువ్వు కల్లు మానాలె.”

“మానితె ఏమొస్తది?”

“మంచాన పడవు.”

“తాగితె?”

“పడ్తవ్. కల్వర్టు కాడ రెండుపార్లు పడ్డవ్. మూడోపారి తుంటి ఇరుగుతది. అత్త లెక్క అయితవ్.”

గండయ్య రొట్టె తుంచడం ఆపాడు. ఆ ఒక్కసారి ఆయన నోట్లోంచి హాస్యం రాలేదు. ఒళ్లో ఉన్న వల మీద అరచెయ్యి ఆనించి, “గంగమ్మ తోడు. గీ వల మీద ఒట్టు. రేపటి సంది ముట్ట. సాలా బిడ్డా?” అన్నాడు.

చేపలు పట్టే ఇళ్లలో వల మీద ఒట్టు మామూలు ఒట్టు కాదు. తప్పినవాడు మళ్లీ వల ముట్టకూడదు, వాడు నీళ్లలో దిగితే పక్కవాడు కూడా దిగడు. అందుకే ఎవరూ తొందరపడి వేయరు. గండయ్య డెబ్బై నాలుగేళ్లలో వేసింది అదొక్కటే.

సోమవారం తలనొప్పి అన్నాడు. మంగళవారం ఒళ్లంతా చెమట, రవంత నిద్ర లేదు. ఈదమ్మ నిమ్మకాయ నీళ్లు ఇచ్చింది. బుధవారం పొద్దున మజ్జిగ గ్లాసు అందిస్తే చేతులు వణికి సగం చొక్కా మీద పోసుకున్నాడు. చీమలు పాకుతున్నాయని గోడ తుడిచాడు. గోడ మీద చీమ లేదు.

ఈదమ్మ పరుగున గోడ దగ్గరికి వెళ్లి షహజాది బేగంను పిలిచింది.

“అరె, పరేషాన్ కాకు,” అందామె. “మా ఇబ్రహీం బీడీలు మానినప్పుడు గూడ గిట్లనే. వారం దినాలు నా మీద గిన్నెలు ఇసిరిండు. ఎనిమిదో దినం మంచిగ పప్పు బాగుందన్నడు. రేపు బడి ఉంది గదా, మేడంను అడుగుదాం.”

అయినా మనసు ఊరుకోలేదు. ఈదమ్మ కొంగు తల మీదికి లాక్కుని కల్లు దుకాణానికి పోయింది. నలభై తొమ్మిదేళ్ల వయసులో మొదటిసారి ఆ గడప తొక్కింది. అక్కడున్న మగవాళ్లు ఈలలు వేస్తే వేశారు. అర సీసా తెచ్చి మామ ముందు పెట్టింది.

“జర తాగు మామా. గింతే. రేపు మేడం జెప్పినంక సూద్దాం.”

గండయ్య మొహం తిప్పుకున్నాడు. “నువ్వే మానుమంటివి, నువ్వే తెస్తివి. నేను వల మీద ఒట్టేసిన.”

“గా ఒట్టు తీసి గట్టు మీద వెట్టు మామా, నీ కాల్మొక్త.”

“వల మీద ఏసింది గట్టెక్కదే, పిచ్చిపిల్లా.”

ఎంత బతిమాలినా పళ్లు విప్పలేదు. ఈదమ్మ ఆ సీసాను పెరట్లో పారబోసింది. ఇప్పటికీ ఆమె మనసులో తిరిగేది ఆ సీసానేనని షహజాది బేగం అంటుంది. ముక్కు మూసి గొంతులో పోసినా బాగుండేదని, పోయకపోవడం తన తప్పని.

గురువారం ఇద్దరూ ఆయన్ని నడిపించుకుంటూ బడికి తీసుకెళ్లారు. వాళ్ల కర్మకు ఆ రోజే పట్నం నుంచి సంస్థ పెద్దలు వచ్చారు. జీపు, కుర్చీలు, పూల బొకేలు, ముప్పై మంది జనం. రోజారాణి కొత్త చీర కట్టుకుని కాలు నిలవకుండా తిరుగుతోంది.

“మేడం, మా మామను జర సూడు. మనిషి మంచిగ లేడు.”

“సార్లు పోగానే చూస్తా అక్కా. అర్ధగంట. నువ్వు కొంచెం టీలు అందియ్యవా?”

గండయ్యను ముందు వరుసలో కూర్చోబెట్టారు. పక్కనే మంచం మీద అంజయ్య బొమ్మ. కళ్లజోడు సారు ఒకాయన, “కల్లు మానేసింది ఈయనేనా? ఎన్ని రోజులైంది?” అని అడిగాడు. నాలుగో రోజు అని ఎవరో చెప్పారు. అందరూ చప్పట్లు కొట్టారు.

అప్పుడు గండయ్య చేతులు కదలడం మొదలైంది. ఎడమ చేత్తో దారం బిగించి పట్టాడు, కుడి చేత్తో వల అల్లే కండె దూర్చాడు, ముడి వేశాడు, పళ్లతో దారం కొరికాడు. మళ్లీ ఇంకో కన్ను. చేతుల్లో దారం లేదు, కండె లేదు. వేళ్లు మాత్రం తప్పకుండా అల్లుతున్నాయి.

“సార్లకు వల అల్లి సూపిస్తుండురో!” అన్నారు వెనక నుంచి. నవ్వులు. సారు ఫోన్ తీసి ఫొటో తీసుకున్నాడు. టీ పళ్లెంతో నడుస్తున్న ఈదమ్మకు కూడా నవ్వు వచ్చింది, మామ వేషాలు ఆమెకు కొత్త కాదు. 

అంతలో గండయ్య బొమ్మ వైపు వంగి, “శివమ్మా, దారం తెంపకే, గట్టిగ వట్టు” అన్నాడు.

జనం ఇంకా నవ్వారు. ఈదమ్మ నవ్వు ఆగిపోయింది. మామ కళ్లు ఎవర్నీ చూడటం లేదు. పళ్లెం ఎక్కడ పెట్టాలో తెలియక అటూ ఇటూ చూసింది. ఆయన చటుక్కున లేచాడు. “కట్ట తెగింది! శాపలు వోతున్నయ్!” అని అరుస్తూ తలుపు వైపు ఉరికాడు. గడప దగ్గర ఒళ్లు కర్రలా బిగుసుకుంది. ఫిట్స్ వచ్చి మెట్ల మీదికి ఒరిగి పడ్డాడు. భవనానికి మూడే మెట్లు. మూడు చాలు.

టీ గ్లాసులు పగిలిన చప్పుడు ఆ తర్వాత వచ్చింది.

108లో పట్నం పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. ఈదమ్మ, షహజాది బేగం, వెనక రోజారాణి. మందులిస్తే ఫిట్స్ ఆగాయి. తుంటి ఎముక రెండు ముక్కలైంది. వయసులో ఉన్న డాక్టరు, అలసిపోయి ఉన్నాడు, కాగితం మీద రాసుకుంటూ అడిగాడు.

“ఏం తాగేటోడు?”

“కల్లు సార్.”

“ఎన్నేండ్ల నుంచి?”

“ముప్పయ్యేండ్లు.”

“ఒక్కసారే మాన్పించిండ్రా?” కలం ఆపి తలెత్తాడు. “అది మత్తుమందు కలిపిన కల్లమ్మా. దవాఖానల పెట్టి, మందులిచ్చుకుంట మెల్లగ మాన్పియ్యాలె. ఒక్కసారే ఆపితే ఇట్లనే అయితది, పానం గూడ పోతది. ఎవరు చెప్పిండ్రు నీకు ఆపుమని?”

వెనక రోజారాణి సంచీ గుండెకు హత్తుకుని నిలబడి ఉంది. ఈదమ్మ వెనక్కి తిరగలేదు.

“ఎవ్వలు జెప్పలే సార్. నేనే.”

ఆ మాట పక్క మంచాల వాళ్లు విన్నారు. అందులో ఒకరు శామీర్‌పేట వాళ్లు. ఊళ్లోకి నడిచొచ్చింది ఆ ఒక్క మాటే.

గుండె బలహీనంగా ఉంది, ఆపరేషన్‌కు మత్తు ఇస్తే లేవడన్నారు. పదిహేను రోజులుంచుకుని పంపేశారు. గండయ్య మంచం ఎక్కాడు.

రోజారాణి ఒకసారి వచ్చింది. గడపలోనే ఏడ్చింది. “నేనే చదివి చెప్పినా అని అందరికీ చెప్తా అక్కా.”

“జెప్పకు,” అంది ఈదమ్మ. “నీ నౌకరి వోతది. నువ్వు వోతే గీ నాలుగూళ్ల ముసలోళ్లకు ఎవ్వలు జెప్తరు?”

కొడుకు కుమార్ కొంపల్లిలో విల్లాల దగ్గర డ్రైవరు, ఆదివారాలు వస్తాడు. వచ్చి తాత మంచం దగ్గర కాసేపు నిలబడి, “బడి బడి అని తిరిగి, తాతను గిట్ల మంచాన పండవెట్టినవ్ గదనే” అన్నాడు. కొడుక్కి కూడా ఆమె నిజం చెప్పలేదు.

ఈదమ్మ చేపల గంప మూలన పెట్టేసింది. ఇక పొర్లించడమే పని. మసీదులో నమాజు పిలుపు వినపడగానే గోడ అవతల నుంచి షహజాది బేగం కేక వేసేది, “ఈదమ్మా, అసర్ అయింది, తిప్పు!” మధ్యలో లెక్క ఈదమ్మే చూసుకునేది. కానీ అంజయ్య బొమ్మకు తుంటి విరగలేదు. విరిగినవైపు తిప్పితే గండయ్య ప్రాణం పోయేలా అరిచేవాడు. ఒకవైపుకు, వెల్లకిలా, అంతే. ఆ రెండింటి మీదే బరువంతా. దానికి తోడు ఆయన నీళ్లు తాగడం మానేశాడు. గ్లాసు పెడితే పెదాలు బిగబట్టేవాడు.

“తాగు మామా.”

“తాగితె నీకే పని బిడ్డా. నువ్వు నిద్రవోయి ఎన్ని దినాలాయె?”

అయిదో నెలలో తుంటి కింద ఎర్రగా కమిలింది. ఈదమ్మ గుర్తుపట్టింది. ఈసారి పసుపు పూయలేదు, ఉప్పునీళ్లతో కడిగింది, కట్టు మార్చింది, గాలి దిండు తెప్పించింది. నేర్చుకున్నదంతా చేసింది. అయినా ఎరుపు నల్లబడింది, నలుపు తెరుచుకుంది.

2013 ఫిబ్రవరిలో గండయ్య పోయాడు. ఒంటికి నీళ్లు పోసేటప్పుడు ఈదమ్మే పక్కకు తిప్పింది. షహజాది బేగం కుండ అందిస్తోంది.

“అత్తకు పిడికిలి వట్టేది,” అంది ఈదమ్మ నెమ్మదిగా. “మామకు రెండు వేళ్లే వడుతున్నయ్.” అంత చదువుకు మిగిలింది ఆ తేడా.

మరుసటి నెలలోనే బడి మూతపడింది. గండయ్య వల్ల కాదు. సంస్థకు ఇచ్చేవాళ్లు ఇవ్వడం ఆపేశారట, సామాను సర్దుకుని ఇంకో జిల్లాకు పోయారు. రోజారాణి నౌకరీ ఎలాగూ పోయింది, పేట్ బషీరాబాద్‌లో ఏదో మందుల షాపులో ఉందంటారు. ఈదమ్మ అంత నింద మీద వేసుకుని కాపాడింది ఏడాది కూడా నిలవలేదు. ఊళ్లో మంచాన పడ్డవాళ్లను మళ్లీ మెత్తటి బొంతల మీద కదపకుండా పడుకోబెడుతున్నారు.

కిందటి ఏడు చలికాలంలో వీరభద్రం అనే అతను వచ్చి తలుపు కొట్టాడు. “ఈదమ్మక్కా, మా అవ్వ పడ్డది. ఎట్ల పొర్లియ్యాల్నో జర సూపెట్టు.”

“నాకేం రాదు,” అని తలుపు వేసుకుంది. నాలుగూళ్లలో ఆ పని తెలిసిన ఒకే ఒక్క చెయ్యి అది. వీరభద్రం అవ్వ ఉగాది చూడలేదు.

ఇప్పుడు 2014. కొత్త రాష్ట్రం వచ్చిందని ఊరంతా సంబరం చేసుకున్న రోజు కూడా ఈదమ్మ గడప దాటలేదు. ఆమెకు యాభై ఒకటి. చూస్తే డెబ్బై అంటారు. గోడ వైపు తిరిగి నేల మీద పడుకుని ఉంటుంది. కాళ్లు వాచాయి. దవాఖానకు పోదామంటే వినదు. షహజాది బేగం గోడ మీంచి గిన్నె అందిస్తే అందుకుంటుంది, సగం రోజులు ఆ గిన్నె అలాగే తిరిగొస్తుంది. “తినవే, నా మొహం జూసి తిను,” అని బేగం తిడుతుంది. “నీ మొహం గోడ మీద కనవడదక్కా,” అంటుంది ఈదమ్మ. రోజుకు ఆమె మాట్లాడేది అంతే.

ఆ మాట కూడా ఇక ఎన్నాళ్లో ఉండదు. ఇబ్రహీంకు కళ్లు మసకబారి సూది ఆడటం లేదు. కొడుకు మునావర్ సూరారంలో ఫ్యాక్టరీ పని చేస్తాడు, అమ్మానాయనల్ని బక్రీద్ తర్వాత అక్కడికి తీసుకుపోతున్నాడు. షహజాది బేగం వారం నుంచి సామాను కట్టలు కట్టుకుంటూ ఏడుస్తోంది. కుమార్ నెలకోసారి వస్తే వచ్చినట్టు.

కాబట్టి ఇది చదివినవాళ్లు ఎవరైనా సరే, అటువైపు పోతే ఒకసారి వెళ్లి చూడండి. శామీర్‌పేట బస్టాండులో దిగి చెరువు వైపు సందులోకి పోయి, చేపల ఈదమ్మ ఇల్లు అంటే చూపిస్తారు, ఏదో ఒక మాట కూడా అంటారు. వినకండి. తలుపు కొడితే తీయదు, పక్కన కిటికీ ఉంది, అక్కడ నిలబడి పేరు పెట్టి పిలవండి. మామ సంగతి ఎత్తకండి. కాళ్ల వాపు ఎంతవరకు వచ్చిందో చూడండి, గిన్నెలో అన్నం ముట్టిందో లేదో చూడండి. బండి ఉన్నవాళ్లయితే బలవంతంగానైనా మేడ్చల్ దవాఖానలో చూపించండి. వచ్చేటప్పుడు మీ ఇంటి దగ్గర ఇంకొకరికి చెప్పండి, వచ్చే వారం వాళ్లు వెళ్లి చూస్తారు.